హస్తవాసికి పరీక్ష

మన తెలుగు ఇండ్లలో ఒక డాక్టరును మెచ్చుకోవలసి వస్తే, ఆయన ఎంత చదివినాడో, ఏ పతకం తెచ్చుకొన్నాడో ఎవరూ చెప్పరు. "ఆయన హస్తవాసి మంచిది" అంటారు. అంతే. ఊరు విడిచి, భాష మారిన చోట మూడు నాలుగు తరాలుగా కాపురముంటున్న మన కుటుంబాలలో గూడా ఈ మాట చెడకుండా మిగిలినది. మద్రాసులో వున్నా, బళ్ళారిలో వున్నా, బరంపురంలో వున్నా, షోలాపూరులో వున్నా, పురుటికో కంటి శుక్లానికో డాక్టరును వెదకబోయే ముందు నలుగురిని అడిగేది హస్తవాసిని గురించే.

హస్తవాసి అంటే కొంత దైవికం, కొంత అదృష్టం అని అర్థం చెప్పుకొంటారు. అందులో పెద్ద భాగం నేర్చుకొన్న విద్యయే అని నా అభిప్రాయం. పొట్టమీద చెయ్యి వేసి కాలేయం అంచు పట్టుకోవటం, నరం దొరకని పసిబిడ్డకు సూది గుచ్చటం, బిడ్డ అడ్డం తిరిగినదని తల్లి కడుపు తడిమి తెలుసుకోవటం, భయపడే రోగి నోట నిజం రాబట్టటం, ఇవన్నీ చేతి పని, చెవి పని, నోటి పని. కాగితం మీద ప్రశ్న వేసి వీటిని పరీక్షించలేము. మరి ఎం.డి. అనీ ఎం.ఎస్. అనీ ప్రత్యేక వైద్యుని పట్టా చేతికిచ్చే ముందు ఈ పనితనాన్ని ఎవరు చూచారు? ఎట్లా చూచారు?

ఏటేటా మన సంఘంలో ఎవరో ఒకరి అబ్బాయో అమ్మాయో ఆ పరీక్షకు కూర్చుంటూనే వున్నారు. "థియరీ అయిపోయింది, ఇంక ప్రాక్టికల్సు" అన్న మాట వినగానే ఇంట్లో తల్లి దేవునికి కొబ్బరికాయ మొక్కుకొంటుంది. థియరీకి లేని మొక్కు ప్రాక్టికల్సుకు ఎందుకు కావలసి వచ్చినదో ఆమెకు తెలియకపోయినా, ఆ భయానికి నూరేళ్ళకు పైబడిన చరిత్ర వున్నది. ఆ చరిత్ర కొంత చెప్పుదామనే ఈ వ్యాసం.

మొదట మన ఇంటి సంగతి. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో తొమ్మిదవ అధ్యాయాన్ని యోగ్యాసూత్రీయం అంటారు. యోగ్య అంటే అభ్యాసం. శాస్త్రమంతా చదివిన శిష్యుడైనా చేతితో అభ్యాసం చేయనిదే చికిత్సకు తగడని చెప్పి, ఏ పనిని దేనిమీద అభ్యసించాలో గ్రంథకర్త ఒక్కొక్కటే చెబుతాడు. కోత పెట్టడం బూడిద గుమ్మడి, సొరకాయ, పుచ్చకాయ, దోసకాయ మీద. చీల్చడం నీళ్ళూ బురదా నింపిన తోలుతిత్తుల మీద. గీకడం వెంట్రుకలు గల తోలు మీద. రక్తనాళం పొడవటం చచ్చిన పశువుల నాళాల మీద, తామరతూళ్ళ మీద. పురుగు తొలిచిన కర్రలోనూ వెదురులోనూ శలాక పోనిచ్చి లోతు చూడటం నేర్వాలి. పనసకాయ, దొండపండు, మారేడుపండు గుజ్జులోనుండి గింజ లాగడం, చచ్చిన జంతువు పండ్లు ఊడబెరకడం నేర్వాలి. కుట్లు దళసరి గుడ్డమీద, పలుచని గుడ్డమీద, మెత్తని తోలు అంచుల మీద వేయాలి. కట్టు కట్టడానికి మనిషి ఆకారంలో ఒక బొమ్మనే చేసి పెట్టుకోవాలి.

ఈ జాబితా చదువుతుంటే వంటింటి సామానూ కూరగాయల అంగడీ కండ్లముందు నిలుస్తవి. నవ్వు గూడా వస్తుంది. అయితే అందులోని తెలివి చూడండి. ఒక్కొక్క పనికి తగిన మెత్తదనం, తగిన బిగువు గల వస్తువునే ఏరినాడు. సొరకాయ మీద తప్పినా ఎవరికీ ప్రాణం పోదు. తరువాతి అధ్యాయం ఆ శిష్యుడు వృత్తిలోనికి అడుగు పెట్టడాన్ని గురించి. చదివి, అర్థం గ్రహించి, గురువు చేయగా చూచి, తాను అభ్యాసం చేసి, శాస్త్రం చెప్పగలవాడై, గోళ్ళు కత్తిరించుకొని, తెల్లని బట్ట కట్టి, గొడుగూ కర్రా పట్టుకొని, చెప్పులు తొడిగి, రాజు అనుమతి పొంది వీధిలోనికి పోవాలట. ఇంతవరకు బాగానే వున్నది. రాజు మాత్రం దేనిని చూచి అనుమతి ఇచ్చేవాడు? సొరకాయ కోయించి చూచేవాడా? గ్రంథం చెప్పదు. అభ్యాసం వున్నది, అనుమతి వున్నది. ఆ రెంటికీ నడుమ వుండవలసిన పరీక్ష మాత్రం మనకు కనిపించదు.

పరీక్ష కనిపించేది బాగ్దాదులో. 931లో ఒక వైద్యుని పొరపాటువల్ల ఒక మనిషి చనిపోయినాడని ఖలీఫా అల్ ముక్తదిర్ చెవిని పడినది. ఆస్థాన వైద్యుడు సినాన్ ఇబ్న్ థాబిత్ పరీక్షించి యోగ్యతాపత్రం ఇచ్చేవరకు ఆ నగరంలో ఎవరూ వైద్యం చేయరాదని ఆయన ఆజ్ఞ వేశాడు. పేరుపడిన వైద్యులనూ కొలువులో వున్నవారినీ వదలిపెట్టగా, పరీక్షకు నిలిచినవారు ఎనిమిది వందల అరవై మందికి పైగా తేలినారు. ఒక్క నగరంలో!

ఆ పరీక్షలను గురించి అరబ్బీ చరిత్రకారులు ఒక ముచ్చట వ్రాసి పెట్టినారు. మంచి దుస్తులు వేసుకొన్న ఒక ముసలాయన గంభీరంగా వచ్చి కూర్చున్నాడు. సినాన్ ఆయనను గౌరవించి, చివరకు తమ గురువెవరని అడిగినాడు. ముసలాయన నాణేల సంచీ తీసి ముందు పెట్టి, నాకు చదవనూ వ్రాయనూ రాదు, ఈ వైద్యం మీద సంసారం నడుస్తున్నది, దయ చూడమన్నాడు. సినాన్ నవ్వి, తెలియని రోగం జోలికి పోరాదు, ప్రమాదకరమైన మందులు ఇవ్వరాదు అని కట్టడి చేసి పంపినాడు. మర్నాడు ఒక చక్కని కుర్రవాడు వచ్చినాడు. నీ గురువెవరు? మా నాన్నగారే. నాన్నగారెవరు? నిన్న మీ దగ్గరకు వచ్చిన పెద్దాయన! అదే కట్టడి కొడుక్కీ చెప్పి సినాన్ సాగనంపినాడు. పరీక్షకుని మెత్తదనం, అభ్యర్థి బంధుత్వం, ముందు పెట్టిన సంచీ, అన్నీ మొదటి పరీక్షలోనే వచ్చేసినవి. తరువాతివారు కొత్తగా కనిపెట్టినది తక్కువే.

చీనాదేశంలో ఇంతకంటె కటువైన ఉపాయం పన్నినారు. 1027లో సుంగ్ వంశపు చక్రవర్తి కాలంలో వాంగ్ వెయ్-ఈ అనే వైద్యుడు మనిషంత కంచు బొమ్మలు రెండు పోయించినాడు. లోపల డొల్ల. సూది వైద్యంలో చెప్పిన స్థానాలన్నిటా సన్నని బెజ్జాలు. పరీక్షనాడు పైన మైనం పూసి బెజ్జాలు కనబడకుండా చేసి, లోపల నీరు పోసేవారు. విద్యార్థి అడిగిన చోట సూది గుచ్చాలి. సరియైన చోట దిగితే నీరు చిమ్మేది, తప్పితే సూది దిగేది కాదు. పరీక్షకుని ముఖం చూడనవసరం లేదు, సిఫారసు చెల్లదు, కంచుకు చుట్టరికం లేదు. ఆ బొమ్మ దగ్గరకు మనం మళ్ళీ రావలసి వుంటుంది.

ఐరోపాలో పట్టాలిచ్చే పరీక్షలు చాలాకాలం నోటి మాటతోనే జరిగినవి. లాటిన్ భాషలో వాదం చేయగలిగితే వైద్యుడే. రోగి మంచం దగ్గర విద్య నేర్పడం హాలెండులోని లైడెనులో 1636 నుండి మొదలైనది. 1714లో బోర్‌హావే అక్కడ పన్నెండు మంచాలతో, ఆడవారికి ఆరు, మగవారికి ఆరు, పాఠం చెప్పడం ప్రారంభించగా దేశదేశాల విద్యార్థులు అక్కడికి పోయినారు. వైద్యుని చేతికి నిజమైన పని కల్పించినవారు మరి ఇద్దరు. 1761లో ఆస్ట్రియాలో అవెన్‌బ్రుగ్గర్ రొమ్ము మీద వ్రేళ్ళతో తట్టి లోపల నీరున్నదో గాలి వున్నదో చెప్పే పద్ధతి ప్రకటించినాడు. ఆయన సత్రం యజమాని కొడుకు. పీపాలు తట్టి ఎంతవరకు సారాయి వున్నదో తెలుసుకోవటం ఇంట్లో చూచినదేనంటారు. మన ఆడవారు కుండ కొనేటప్పుడు తట్టి చూచే విద్యకు ఇది దగ్గర చుట్టం. 1816లో పారిస్‌లో లెన్నెక్ స్టెతస్కోపు కనిపెట్టినాడు. తట్టి, విని తెలుసుకొనే విద్య వచ్చిన తరువాత, తట్టమనీ వినమనీ అడగకుండా పట్టా ఇవ్వడం కష్టమైనది. ఇంగ్లండులో జార్జి పాజెట్ పట్టుబట్టగా 1842లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం తన వైద్య పట్టా పరీక్షలో రోగి పక్కన పరీక్షను చేర్చినది. బ్రిటనులో క్రమబద్ధంగా జరిగిన మొదటి క్లినికల్ పరీక్ష అదే.

మంత్రసానుల సంగతి చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఫ్రాన్సులో మదాం ద్యు కుద్రే అనే మంత్రసాని గుడ్డతోను తోలుతోను గర్భిణి బొమ్మను, దానిలో పెట్టే బిడ్డ బొమ్మను కుట్టి, 1759లో పదునైదవ లూయీ రాజు ఉత్తరువు పట్టుకొని ఊరూరా తిరిగి పల్లెటూరి స్త్రీలకు కాన్పు చేయడం నేర్పింది. చాలామందికి చదువు రాదు. పుస్తకం చదివించి లాభం లేదు గనుక బొమ్మ మీద చేయించి చూడవలసిందే. ఆ బొమ్మలలో ఒకటి నేటికీ రువాన్ నగరం మ్యూజియంలో వున్నది.

ఇంక మద్రాసు. 1835లో జనరల్ ఆసుపత్రికి చేర్చి మెడికల్ స్కూలు పెట్టినారు. 1850లో అది కాలేజీ అయినది. 1923లో విశాఖపట్నంలో వైద్యకళాశాల తెరిచేవరకు, ఈ ప్రెసిడెన్సీలోని తెలుగు బిడ్డకు డాక్టరు పట్టా కావలెనంటే మద్రాసు దారి పట్టవలసిందే. నైజాం రాజ్యంలో హైదరాబాదు మెడికల్ స్కూలు 1846లో వచ్చినది. మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో కొన్నిటికి మూలపురుషుడు అట్లా చదువుకని వచ్చి ఉండిపోయిన వైద్య విద్యార్థియే. అక్కడ నడిచినది విలాయతీ పద్ధతి. దానికి గుండెకాయ లాంటిది లాంగ్ కేసు. అభ్యర్థికి ఒక రోగిని అప్పగిస్తారు. గంటసేపు అతని కథ విని, తల నుండి పాదం వరకు చూచి, రోగమేమిటో నిర్ణయించుకోవాలి. తరువాత పరీక్షకులు వచ్చి ప్రశ్నిస్తారు. ఆపైన షార్టు కేసులు: ఈ గుండె వినుము, ఈ పొట్ట చూడుము, ఈ గడ్డ ఏమిటో చెప్పుము. శస్త్రవైద్యానికి శవం మీద ఆపరేషను. ఆపైన పనిముట్లు, ఎముకలు, సీసాలలోని అవయవాలు, వైవా.

ఈ పద్ధతి గొప్పతనం గొప్పతనమే. నిజమైన మనిషి, నిజమైన రోగం. కాని అందులో ఒక లోపం వున్నది. ఆ గంటసేపు అభ్యర్థి ఏమి చేసినాడో పరీక్షకులు చూడరు. అతడు చెప్పిన కథ వింటారు. చెయ్యి ఎట్లా వేసినాడు, ముసలమ్మ సిగ్గుపడితే దుప్పటి కప్పినాడా, నొప్పి వున్న చోటును చివర ముట్టుకొన్నాడా మొదటనే గుద్దినాడా, ఇవేవీ వారికి తెలియవు. పరీక్షకు పిలిపించే రోగులు కొందరు ఏండ్ల తరబడి వస్తూ, తమ రోగం ఇంగ్లీషు పేరు గూడా నేర్చుకొని, దిక్కుతోచక నిలుచున్న కుర్రవాని చెవిలో మెల్లగా చెప్పేవారన్న ముచ్చట ప్రతి వైద్యకళాశాలలోనూ వినబడుతుంది. ఉపకారమే. పరీక్ష మాత్రం తారుమారు.

మరొక లోపం ఇంకా లోతైనది. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసు మెడికల్ కాలేజీలో చదివినారు. స్వదేశీ ఉద్యమపు రోజులు. గాంధీగారి పిలుపు విని ఆయన ఖద్దరు గౌను తొడుక్కొని శస్త్రచికిత్స గదికి పోయేవారు. ఇది సర్జరీ చెప్పే ఇంగ్లీషు ప్రొఫెసరుకు కంటగింపైనది. వ్రాత పరీక్షలు బాగా చేసినా, ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఆయనకు చేతికిచ్చినారు. ఆయన జీవితకథ వ్రాసినవారందరూ చెప్పే సంగతి ఇది. ఆయన కొంతకాలం ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించి, తరువాత అమెరికా వెళ్ళినారు. రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి, కండరాల శక్తికి మూలమైన ఏ.టి.పి.ని గురించిన పరిశోధన, ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలుకు హెట్రజాన్, కాన్సరుకు మెథోట్రెక్సేటు, ఇవన్నీ ఆయన చేతులమీదుగానో ఆయన నడిపిన పరిశోధనశాలలోనో వచ్చినవే. ఆయన సంగతి సరే, ఆయన సుబ్బారావు. ఆనాడు పరీక్షకుల కంటికి నచ్చక వెనుదిరిగి, పేరు లేకుండా పోయినవారి సంగతి ఎవరు వ్రాసి పెట్టినారు?

ప్రత్యేక వైద్యులకు ప్రత్యేక పరీక్ష అన్న ఆలోచన బ్రిటనులో 1843 నాటి సర్జన్ల ఫెలోషిప్పుతోను, అమెరికాలో 1916లో నేత్రవైద్యుల బోర్డుతోను గట్టిపడినది. ఆ బోర్డు మొదటి పరీక్ష ఆ సంవత్సరం డిసెంబరులో మెంఫిస్ నగరంలో జరిగినది. తరువాత ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క బోర్డు. అందరూ రోగి పక్కన పరీక్షనే నమ్మినారు. ఆ నమ్మకం 1960లలో బీటవారినది. అమెరికా జాతీయ పరీక్షా బోర్డువారు తమ పరీక్షల మార్కులు కూర్చి చూచుకొంటే, ఒకే అభ్యర్థికి ఇద్దరు పరీక్షకులు ఇచ్చిన మార్కులకు పొంతన చాలా తక్కువగా వున్నది. వారు రోగి పక్కన పరీక్షను ఆ దశాబ్దంలోనే ఎత్తివేశారు. అంతర్వైద్య బోర్డువారు 1970ల తొలినాళ్ళలో ఎత్తివేసి, చేతి పనితనం సంగతి శిక్షణ ఇచ్చే ఆసుపత్రులే చూచుకోవాలన్నారు. స్కాట్లండులోని గ్లాస్గోలో కొందరు డాక్టర్లు పరీక్షకులనే పరీక్షించి, వారిలో ఒకరికి ఒకరికి ఎంత తేడా వున్నదో 1969లో లాన్సెట్ పత్రికలో ప్రకటించినారు. అభ్యర్థి ప్యాసు కావటం అతని విద్యను బట్టి ఎంతో, అతనికి తగిలిన రోగిని బట్టి, తగిలిన పరీక్షకుని బట్టి అంత! మన ఇండ్లలో తల్లులు మొక్కిన కొబ్బరికాయలకు శాస్త్రీయమైన ఆధారం దొరికినదన్నమాట.

వ్యాధి తెలిసినంతమాత్రాన లాభం లేదు, మందు కావాలి. ఒక మందు లాస్ ఏంజెల్స్‌లో తయారైనది. హోవర్డ్ బారోస్ అనే నరాల వైద్యుడు 1963లో, చిత్రకారులకు నమూనాగా కూర్చునే ఒక స్త్రీకి ఒక రోగిణి కథ అంతా నేర్పినాడు. కాళ్ళలో సత్తువ లేకపోవటం, పలికే తీరు, అన్నీ అభినయించేటట్లు తర్ఫీదు ఇచ్చినాడు. విద్యార్థులు వచ్చి పరీక్షించి పోయిన తరువాత ఎవరు ఎట్లా చేసినారో ఆమె వ్రాసి పెట్టేది. తోటి వైద్యులు ఎగతాళి చేశారు. సినిమా నగరం పక్కన వుండి వేషాలు నేర్చినాడన్నారు. అయినా అందులోని లాభం స్పష్టం. ఇరవైమంది అభ్యర్థులకు ఒకే రోగం, ఒకే కథ, ఒకే బాధ. అదీగాక, రోగిగా వున్నవారే చెప్పగలరు, చెయ్యి చల్లగా తగిలిందో మోటుగా తగిలిందో!

రెండవ మందు స్కాట్లండులోని డండీలో. గ్లాస్గో పరిశోధనలో పాలు పంచుకొన్న రోనాల్డ్ హార్డెన్ అక్కడ ప్రొఫెసరై, సహచరులతో కలిసి 1975లో బ్రిటిష్ మెడికల్ జర్నలులో ఒక కొత్త పద్ధతి ప్రకటించినాడు. ఓ.ఎస్.సి.ఇ. అనే నాలుగక్షరాలతో, పలుకుబడిలో 'ఆస్కీ' అనే పేరుతో, అది లోకమంతా వ్యాపించినది. ఒక వార్డులో వరుసగా మజిలీలు ఏర్పాటు చేస్తారు. ఒక మజిలీలో రోగి కథ వినాలి. ఒకచోట మోకాలు పరీక్షించాలి. ఒకచోట ఎక్స్‌రే చదవాలి. ఒకచోట చూచిన దానిమీద ప్రశ్నలకు జవాబు వ్రాయాలి. నాలుగైదు నిమిషాలకొక గంట మోగుతుంది, అందరూ ఒక మజిలీ ముందుకు జరుగుతారు. ప్రతి మజిలీలో పరీక్షకుని చేతిలో ఒక పట్టిక: చేతులు కడుక్కొన్నాడా, పేరు చెప్పుకొన్నాడా, అనుమతి అడిగినాడా, రెండు కాళ్ళూ పోల్చి చూచినాడా. చేస్తే మార్కు, లేకపోతే లేదు. ఖద్దరు తొడిగినాడా అన్న ప్రశ్న పట్టికలో వుండదు. కంచు బొమ్మ ఇదే పని చేసినది. మైనం పోయి కాగితం వచ్చినది.

దీనిని ఆక్షేపించినవారు లేకపోలేదు. మనిషిని ముక్కలు చేసి ఒక్కొక్క మజిలీకి ఒక్కొక్క అవయవం పంచినారన్నారు. పట్టికలో వున్నవన్నీ అప్పగించినట్లు చేసి, రోగి ఏడుస్తున్నా చూడనివానికి మంచి మార్కులు రావచ్చునన్నారు. నా మట్టుకు నాకు ఈ ఆక్షేపణలో న్యాయం వున్నదనిపిస్తుంది. అనుభవం గల పరీక్షకుడు తలుపు దగ్గరనే అభ్యర్థి నడకలో చూడగలిగినది పట్టికలో ఎక్కదు. అయితే అదే చూపు ఖద్దరును గూడా చూస్తుంది గదా! రెంటిలో ఏది మేలని అడిగితే, నా బిడ్డ పరీక్ష వ్రాస్తున్నప్పుడు పట్టికనూ, నేను మంచాన పడినప్పుడు ఆ అనుభవజ్ఞుణ్ణీ కోరుకొంటాను.

శస్త్రవైద్యంలో 1990లలో కెనడాలోని టొరాంటోలో రెజ్నిక్, ఆయన సహచరులు ఇదే దారి తొక్కినారు. బల్లలమీద నమూనాలు పెట్టి, కోయడం, కుట్టడం చేయించి, కణజాలాన్ని ఎంత మర్యాదగా పట్టుకొన్నాడు, చేతి కదలికలలో వృథా ఎంత అని చూచి మార్కులు వేస్తారు. సుశ్రుతుని సొరకాయ ఇన్ని శతాబ్దాల తరువాత మార్కుల పట్టికతో సహా బల్లమీదికి ఎక్కినది.

బ్రిటనులో లాంగ్ కేసుమీద నడిచిన ఎం.ఆర్.సి.పి. క్లినికల్ పరీక్ష 2001లో 'పేసెస్' అయినది. అయిదు మజిలీలు, ఒక్కొక్కటి ఇరవై నిమిషాలు, పదిమంది పరీక్షకులు. ఇద్దరిద్దరు చొప్పున కూర్చుని, ఒకరి మార్కు ఒకరు చూడకుండా వేస్తారు. అన్నిటికంటె ముఖ్యం, అభ్యర్థి చేస్తూండగా కండ్లారా చూస్తారు. 2023లో దీనిని మళ్ళీ కొంత మార్చినారు. అమెరికావారు ఒకప్పుడు వదలిపెట్టిన పనిని తిరిగి చేపట్టినారు. విదేశీ పట్టభద్రులకు 1998 నుండి, తమ విద్యార్థులకు గూడా 2004 నుండి, వేషధారి రోగులతో పరీక్ష పెట్టినారు. మన ఆంధ్ర, తెలంగాణ పిల్లలు ఎంతోమంది ఫిలడెల్ఫియా, షికాగో, హ్యూస్టన్ వంటి అయిదు నగరాలలో ఏదో ఒకచోటికి ఈ పరీక్ష కోసమే విమానమెక్కి పోయినారు. పన్నెండుమంది రోగులు, ఒక్కొక్కరికి పదునైదు నిమిషాలు. ఫీజు వెయ్యి డాలర్లకు పైమాటే. దారి ఖర్చు వేరు. ఇంగ్లీషు పలుకుకు ప్రత్యేకంగా మార్కు వుండేది. 2020లో మహమ్మారి వల్ల నిలిపివేసిన ఆ పరీక్షను 2021 జనవరిలో పూర్తిగా రద్దు చేశారు.

మన దేశంలో లాంగ్ కేసు పోలేదు. ఎం.డి., ఎం.ఎస్. పరీక్షలకు నలుగురు పరీక్షకులు వుండాలనీ, వారిలో ఇద్దరైనా బయటివారు కావాలనీ నియమం. బయటివారు వేరే రాష్ట్రంనుండి రావడం వాడుక. కనుక బెంగుళూరులో పరీక్షకు విశాఖపట్నం ప్రొఫెసరూ, విజయవాడలో పరీక్షకు మద్రాసు ప్రొఫెసరూ రావడం కద్దు. 1975లో మొదలై 1982లో స్వతంత్ర సంస్థ అయిన జాతీయ పరీక్షా బోర్డు డి.ఎన్.బి. పట్టాకు దేశమంతటికీ ఒకే తీరు పరీక్ష నడుపుతున్నది. కొన్ని శాఖలలో ఆస్కీ పద్ధతి తెచ్చినది. అమెరికాలో జార్జి మిల్లర్ 1990లో చెప్పిన నాలుగు మెట్లు, అంటే తెలియటం, ఎట్లాగో తెలియటం, చేసి చూపటం, నిత్యమూ చేయటం, ఇప్పుడు మన వైద్య ఉపాధ్యాయుల నోట గూడా వినబడుతున్నవి. నాలుగవ మెట్టు ఏ ఒక్కరోజు పరీక్షకూ అందదు. అందుకే మూడేండ్ల శిక్షణలో చేసిన ప్రతి పనికీ లాగ్ బుక్కు వ్రాసి, పెద్ద డాక్టరు చూచి సంతకం చేయాలన్నారు. 1995లో అమెరికాలో నార్సినీ ప్రభృతులు చెప్పిన పద్ధతి ప్రకారం, శిక్షణలో వున్న డాక్టరు మామూలుగా రోగిని చూస్తుంటే పెద్ద డాక్టరు పక్కన నిలిచి పావుగంట గమనించి, అక్కడికక్కడే తప్పొప్పులు చెప్పాలి. ఖర్చు లేదు, బొమ్మ అక్కరలేదు. కావలసినది పెద్ద డాక్టరు పావుగంట. దొరకనిది గూడా అదే. మూడేండ్ల సంతకాలు ఒకే సాయంత్రం పెట్టిన పుస్తకాలు వుంటవని ఆ వృత్తిలోనివారే చెప్పగా విన్నాను.

భాష సంగతి ఎవరూ పెద్దగా వ్రాయలేదు. ప్రవాసులమైన మనకు అది చిన్న సంగతి కాదు. రోగి కథ వినడమే పరీక్షలో సగం. రోగి ఒక భాష, అభ్యర్థి ఒక భాష అయితే పక్కనున్న నర్సమ్మ నోటిగుండా కథ రావాలి. "గుండెల్లో గాబరా" అన్న మాట దడ అయి, దడ నొప్పి అయి, పరీక్షకుని చెవికి చేరేసరికి వేరే రోగమవుతుంది. ఇంట తెలుగూ, వీధిలో తమిళమో కన్నడమో ఒరియావో మాట్లాడి పెరిగిన మన పిల్లలకు ఈ ఒక్కచోట పైచేయి వున్నదనుకొంటాను.

కొన్నేండ్ల క్రితం, తెలుగు మాట్లాడేవారు తక్కువగా వుండే ఒక పట్టణంలో, మన సంఘం తరఫున పెద్దాసుపత్రిలోని తెలుగు రోగులను పలకరించి వచ్చే పని నాకు అప్పగించారు. ఆడవారి వార్డులో ఒక పెద్దావిడ వుండేది. చిన్నతనంలో వచ్చిన కీళ్ళవాతపు జ్వరంవల్ల గుండె కవాటం ఇరుకైపోయినది. పరీక్షల రోజులలో ఆమెను తప్పక పిలిచేవారు. కవాటం చప్పుడు అంత స్పష్టంగా వినబడేదట. ఆ సాయంత్రం నేను పోయేసరికి అలసిపోయి పడుకొని వున్నది. పొద్దుటినుండి పదిమందో పదకొండుమందో విన్నారన్నది. ఒక కుర్రవానికి తెలుగు రాదట. కాగితం మీద నాలుగు మాటలు వ్రాసి తెచ్చుకొని, తప్పులతో చదివి అడిగినాడట. స్టెతస్కోపు చల్లగా వుంటుందని అరచేతిలో రుద్ది, వెచ్చబడిన తరువాత పెట్టినాడట. మిగిలిన పదిమందిని గురించి ఆమె ఏమీ చెప్పలేదు. నేను లేచి వస్తుంటే పిలిచి అడిగినది:

"బాబూ, ఆ పిల్లాడు ప్యాసయ్యాడేమో కనుక్కొని చెబుతావా? మమ్మల్ని అడిగేవాళ్ళే గాని, మాకు చెప్పేవాళ్ళెవరూ లేరు."

మర్నాడు ఆఫీసులో అడిగినాను. ఫలితాలు విశ్వవిద్యాలయం ప్రకటిస్తుంది, పేరు గాని నంబరు గాని చెప్పమన్నారు. ఆమెకు ఆ పిల్లవాని పేరు తెలియదు.